మొదటి తప్పు ఎవరిది, మాఫీ ఎవరికి?

2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. రాజద్రోహం వేరే పేరుతో తిరిగొచ్చిందని, పోలీసు కస్టడీ నిబంధనలు కఠినమయ్యాయని మన వర్గాల్లో చాలా చర్చ జరిగింది. అది అవసరమైన చర్చే. అయితే భారతీయ న్యాయ సంహితలో పేదవాళ్ల రోజువారీ బతుకును నేరుగా తాకే ఒక చిన్న నిబంధన ఉంది. దాని మీద మనం తగినంతగా మాట్లాడలేదు. 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన వస్తువు విలువ అయిదు వేల రూపాయల లోపు ఉండి, ముద్దాయికి అదే మొదటి శిక్ష అయి, వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, జైలు ఉండదు. సమాజ సేవే శిక్ష. పైగా అయిదు వేల లోపు దొంగతనాన్ని వారెంట్ లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని, బెయిల్ దొరికే నేరంగా మార్చారు.

చదవడానికి మంచి చట్టమే. ఆకలికో ఆశకో ఒక సబ్బు, ఒక పాలపొడి డబ్బా సంచిలో వేసుకున్న మనిషిని జైలుకు పంపనక్కర్లేదని రాజ్యం కాగితం మీద ఒప్పుకుంది. నా ప్రశ్న ఒక్కటే. ఈ దేశంలో ‘మొదటిసారి’ తప్పు చేసే అవకాశం ఎవరికి ఉంది? కొందరు ఎన్నిసార్లు పట్టుబడినా వాళ్లది ఎప్పుడూ మొదటిసారే. మరికొందరు పుట్టుకతోనే రెండోసారి దొంగలు. ఈ తేడా ఎక్కడ తయారవుతుందో, దాన్ని తయారు చేయడానికి ఎవరి డబ్బు ఖర్చవుతుందో నేను పుట్టి పెరిగిన బిలాస్‌పూర్‌ను పెట్టుకుని చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఎన్ని కళ్లు, ఎవరి మీద

బిలాస్‌పూర్ రైల్వే కట్టిన పట్నం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ పెట్టింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రం. కోర్బా, గెవ్రా గనుల బొగ్గు రాత్రింబగళ్లు ఈ మీదుగా పోతుంటుంది. బొగ్గు తవ్వే ఎస్‌ఈసీఎల్ ప్రధాన కార్యాలయం ఇక్కడే, రాష్ట్ర హైకోర్టు కూడా ఇక్కడే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పట్టాలు వేయడానికి, ఇంజన్లకు బొగ్గు ఎత్తడానికి, స్టేషన్లు ఊడ్చడానికి వచ్చిన మాల, మాదిగ, రెల్లి, తూర్పు కాపు కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఇప్పటికీ రైల్వే కాలనీల్లో ఉంది. మా తాత స్టేషన్‌లో సఫాయీ కార్మికుడు. ఆ ఉద్యోగం పర్మినెంటు కాబట్టే నేను ఈ రోజు పీహెచ్‌డీ చేస్తున్నాను. అదే ప్లాట్‌ఫారాన్ని ఇప్పుడు ఊడ్చే మా పిన్నిలు, అత్తలు కాంట్రాక్టరు మనుషులు.

ఈ పట్నంలో ఒక బీద మనిషి మీద ఎన్ని కళ్లు ఉంటాయో లెక్క వేద్దాం. ఊరి ఠాణా ఒకటి. స్టేషన్ ఆవరణలో రాష్ట్ర ప్రభుత్వపు జీఆర్‌పీ. దాని ఖర్చులో సగం రైల్వే భరిస్తుంది, సగం రాష్ట్రం భరిస్తుంది. రైల్వే ఆస్తికి కేంద్రం కింద ఆర్‌పీఎఫ్. దుకాణాల్లో, మాల్‌లో ప్రైవేటు సెక్యూరిటీ గార్డులు. వీటన్నిటి మీదా సీసీ కెమెరాలు. బుధవారీ బజార్ నుంచి స్టేషన్ దాకా నడిచి వెళ్లే చెత్త ఏరుకునే మహిళ ఈ నాలుగు బలగాల హద్దులూ దాటుతుంది. ప్రతి హద్దు దగ్గరా ఆమె సంచి ఎవరో ఒకరు విప్పి చూస్తారు. డ్యూటీ దిగే కాంట్రాక్టు సఫాయీ మహిళల సంచులు గేటు దగ్గర వెతకడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అదే గేటు నుంచి కార్లో వెళ్లే అధికారి డిక్కీ తెరిపించడం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

నా పరిశోధనలో భాగంగా ఒక దుకాణంలో పనిచేసే గార్డులతో కొన్ని నెలలు మాట్లాడాను. దుకాణం పేరు ఇక్కడ అనవసరం, ఎక్కడైనా ఇదే జరుగుతుంది. ఒకే నెలలో అక్కడ ఇద్దరు పట్టుబడ్డారు. మొదటివాడు కాలేజీ కుర్రాడు. రెండు సెంటు సీసాలు, కొన్ని చాక్లెట్లు జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు అతన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి నీళ్లిచ్చి తండ్రికి ఫోన్ చేశాడు. తండ్రి వచ్చి బిల్లు కట్టి, కొడుకును రెండు తిట్లు తిట్టి తీసుకెళ్లాడు. ‘కుర్రతనం’ అన్నారు. రెండో మనిషి దేవార్ బస్తీ నుంచి వచ్చిన యువతి. ఒకప్పుడు ఊరూరా తిరిగి పాటలు పాడి కథలు చెప్పిన దేవార్లు ఇప్పుడు పట్నాల్లో చెత్త ఏరుకుని బతుకుతున్నారు. ఆమె సంచిలో రెండు సబ్బులు, ఒక పాలపొడి డబ్బా దొరికాయి. విలువలో కుర్రాడి సరుకు కంటే తక్కువే. మేనేజరు ఎవరికీ ఫోన్ చేయలేదు, గార్డు నేరుగా ఠాణాకు చేశాడు. ‘వీళ్లకిది అలవాటే’ అన్నారు. ఆమె అంతకు ముందు ఎన్నడూ పట్టుబడలేదు. తర్వాత మాత్రం బజారులో ఏ చోరీ జరిగినా పోలీసులు మొదట ఆ బస్తీకే వస్తున్నారని ఆమె అన్న నాతో చెప్పాడు.

మన తెలుగు పత్రికల భాషలోనే ఈ తేడా ఉంది. ఆఫీసు సొమ్ము మింగిన అధికారి గురించి రాసేటప్పుడు ‘చేతివాటం’ అంటారు. పొట్ట చేత పట్టుకున్న వాడు సబ్బు ఎత్తుకుంటే ‘దొంగ’ అంటారు. ఒకటి చేసిన పని పేరు, రెండోది మనిషి పేరు. చేసిన పని మర్చిపోవచ్చు, మనిషికి అంటించిన పేరు పోదు.

సెక్షన్ ఎంచుకునేది ఎవరు

చట్టంలో రాసిన కనికరం ఆ యువతి దాకా ఎందుకు చేరదో చూద్దాం. అయిదు వేల లోపు మాఫీ 303వ సెక్షన్‌లో ఉంది. 305వ సెక్షన్ వేరు. ఇల్లు, లేదా సరుకు భద్రపరచడానికి వాడే కట్టడం, సరుకుల్నో ప్రయాణికుల్నో మోసే వాహనం, ప్రభుత్వ ఆస్తి, వీటిలో దేని నుంచి దొంగతనం జరిగినా ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. దుకాణం, గోదాము ‘సరుకు భద్రపరిచే కట్టడం’ అన్న మాట కిందికి తేలిగ్గా వస్తాయి. రైలు పెట్టె వాహనం కిందికి వస్తుంది. 305లో అయిదు వేల మాట లేదు, సమాజ సేవ మాట లేదు. వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిల్ హక్కుగా రాదు. అంటే నూట యాభై రూపాయల సబ్బుకు ఒక సెక్షన్ రాస్తే ఇంటికి పోతారు, ఇంకో సెక్షన్ రాస్తే జైలుకు పోతారు. ఆ రాసేది ఠాణాలో కూర్చున్న రైటరు. ఆయన కలం ఎటు తిరుగుతుందనేది ఎదుట నిలబడ్డ మనిషి ఎవరన్న దాని మీద ఆధారపడకుండా ఉంటుందని నమ్మడానికి మన అనుభవంలో ఏ ఆధారమూ లేదు.

రైల్వే పట్నంలో దీనికి తోడు మరో చట్టం ఉంది. 1966 నాటి రైల్వే ఆస్తి (అక్రమ స్వాధీన) చట్టం. రైల్వే సొంత వస్తువులే కాదు, రైల్వే అధీనంలో ఉన్న ఏ సరుకైనా దాని కిందికి వస్తుంది, కాబట్టి వ్యాగన్‌లోని బొగ్గు కూడా వస్తుంది. మొదటి నేరానికే అయిదేళ్ల దాకా శిక్ష. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఏడాదికి తగ్గడానికి వీల్లేదు. దొంగ సొత్తని అనుమానించదగ్గ రైల్వే ఆస్తి ఒకరి దగ్గర దొరికిందని తేలితే, అది తనకు సక్రమంగానే వచ్చిందని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. ఇంకో విషయం విద్యార్థులు గుర్తు పెట్టుకోవాలి. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మనం చదువుకుంటాం. ఈ చట్టం కింద విచారణ జరిపే ఆర్‌పీఎఫ్ అధికారి ఆ అర్థంలో ‘పోలీసు’ కాడని 1980లో బాలకిషన్ దేవీదయాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అక్కడ ఇచ్చిన వాంగ్మూలం చెల్లుతుంది. ఖాకీ ఉంది, లాఠీ ఉంది, లాకప్ ఉంది, కానీ సాక్ష్య చట్టం దృష్టిలో అది పోలీసు కాదు.

ఏమీ దొంగిలించకపోయినా పట్టుకోవడానికి కూడా దారులున్నాయి. పాత నేర ప్రక్రియా స్మృతిలోని 109, 110, 151 సెక్షన్లు ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 128, 129, 170గా కొనసాగుతున్నాయి. అనుమానాస్పదంగా తిరుగుతున్నారని, అలవాటు పడిన దొంగలని, నేరం చేయబోతున్నారని చెప్పి మనుషుల్ని పట్టుకోవచ్చు, మంచి నడవడికకు పూచీ అడగవచ్చు. పండుగల ముందు, పెద్ద నాయకుల పర్యటనల ముందు బస్తీల్లో జరిగేది ఇదే.

అన్నిటికంటే దారుణమైన మలుపు మరొకటి ఉంది. 303లోని మాఫీ ‘మొదటిసారి శిక్ష పడిన’ వాళ్లకే. చిన్న కేసులో వాయిదాలకు తిరగడం అంటే ప్రతిసారీ ఒక రోజు కూలి పోవడం. వకీలుకు డబ్బులుండవు. అందుకే బీదలు నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టి బయటపడతారు. ఆ ఒప్పుకోలుతో వాళ్ల ‘మొదటిసారి’ ఖర్చయిపోతుంది. ఆ తర్వాత అదే సెక్షన్ కింద రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన కారాగారం. చేయని తప్పును ఒప్పుకుని ఇంటికి పోయినవాడికి, చట్టం ఇచ్చిన ఒకే ఒక అవకాశం తన చేతులతోనే పోగొట్టుకున్నానన్న సంగతి కూడా ఎవరూ చెప్పరు. మేనేజరు గదిలో నీళ్లు తాగి ఇంటికి పోయిన కుర్రాడికి మాత్రం ఏ రికార్డూ లేదు. రేపు మళ్లీ పట్టుబడ్డా అతను మొదటిసారి నేరస్తుడే.

సమాజ సేవ అనే శిక్ష గురించి కూడా ఒక మాట. సమాజానికి మేలు చేసే పనిని జీతం లేకుండా చేయించడమే సమాజ సేవ అని చట్టం చెబుతోంది. అది ఏ పని అని అడిగితే ఆసుపత్రి ఊడ్చడం, రోడ్డు ఊడ్చడం అనే జవాబే జనానికి ముందు తడుతుంది. మా తాత జీవితమంతా చేసిన ఉద్యోగం ఇంకొకరికి శిక్ష ఎలా అవుతుందో మన న్యాయవ్యవస్థ ఆలోచించాలి. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి ఊడ్చే పని అప్పగించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. జైలు లోపల కొట్టేసిన ఆ తర్కం జైలు బయట శిక్ష పేరుతో తిరిగి రాకూడదు.

రైలు, ఉప్పు, ‘నేరస్థ’ కులం

ఇదంతా కొందరు పోలీసుల చెడ్డతనం వల్ల జరుగుతోందనుకుంటే పొరపాటు. దొంగను కులంగా చూడడం ఈ దేశంలో ఒక శాస్త్రంగా, ఒక శాఖగా నడిచింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. 1916లో రసెల్, హీరాలాల్ సెంట్రల్ ప్రావిన్సుల కులాల మీద నాలుగు సంపుటాలు అచ్చు వేశారు. ఈనాటి ఛత్తీస్‌గఢ్ ఆ ప్రావిన్సుల్లోదే. అప్పటి అధికారుల రాతల్లో భామ్టా అనే కులం పేరు రైల్వే దొంగతనానికి పర్యాయపదం. రైలు వచ్చాక పుట్టిన నేరానికి తరతరాల కులవృత్తి అనే పేరు పెట్టిన ఘనత వాళ్లది.

ఈ కథలో తెలుగువాళ్ల వంతు చాలా పెద్దది. ఎరుకల, కొరచ జనం గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్మినవాళ్లు. రైళ్లు, బ్రిటిష్ ఉప్పు విధానం ఆ వర్తకాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ తన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ పుస్తకంలో వివరంగా చూపించారు. బతుకు తెరువు పోయి తిరుగుతున్న మనుషుల్ని అదే ప్రభుత్వం నేరస్థ తెగ అని రిజిస్టరులో ఎక్కించింది. బాపట్ల దగ్గర 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడి మనుషులు హాజరు పలకాలి, పాస్ లేకుండా కదలకూడదు. చీరాల పొగాకు కంపెనీకి వాళ్ల కూలీ కావాల్సి వచ్చింది. రైలు వర్తకాన్ని తీసుకుంది, చట్టం పేరును తీసుకుంది, ఫ్యాక్టరీ శ్రమను తీసుకుంది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. తెగ అనే మాట పోయి ‘అలవాటు’ అనే మాట వచ్చింది. మా ఊళ్లో గార్డు నోట వినిపించింది సరిగ్గా ఆ మాటే.

మనకు ఆ ఊరి పేరు ఎలా తెలుసు? 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. సెటిల్‌మెంట్ చరిత్ర ఒక్క పాఠ్యపుస్తకంలో చదవని తరం కూడా ఆ ఊరిని దొంగల ఊరుగా సినిమా తెర మీద చూసింది.

1948లో వెలువడిన ‘అంటరానివారు’ గ్రంథానికి రాసిన ముందుమాటలో అంబేద్కర్ హిందూ నాగరికత తయారు చేసిన మూడు సమూహాలను ఒకే వరుసలో పెట్టాడు. నేరస్థ తెగలు, ఆదివాసులు, అంటరానివారు. కోట్లాది మందిని ఈ స్థితిలో ఉంచిన దాన్ని నాగరికత అని ఎలా పిలుస్తారని ఆయన నిలదీశాడు. మనం మూడో సమూహం గురించి విస్తారంగా రాశాం. రెండో దాని గురించి కొంత. మొదటి దాన్ని దాదాపు పోలీసులకే వదిలేశాం.

వదిలేసిన దానికి మూల్యం ప్రాణాలు. 1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేడియా శబర యువకుడు దొంగతనం అనుమానంతో కస్టడీలోకి వెళ్లి శవమయ్యాడు. మహాశ్వేతా దేవి, గణేశ్ దేవీ, లక్ష్మణ్ గైక్వాడ్ విముక్త జాతుల హక్కుల కోసం కూడగట్టిన ఉద్యమానికి ఆ చావే గొంతునిచ్చింది. 2018 ఫిబ్రవరి 22న కేరళ అట్టప్పాడిలో దుకాణాల నుంచి బియ్యం, తిండి సరుకులు తీశాడని మధు అనే ఆదివాసీ యువకుడిని జనం చేతులు కట్టి కొట్టి చంపారు. అది దుకాణంలో జరిగిన చిల్లర దొంగతనం ఆరోపణే. 2023లో పదమూడు మందికి ఏడేళ్ల జైలు పడింది. వాళ్లలో ఎవరికీ అతను ‘మొదటిసారి’ చేశాడేమో అన్న సందేహం రాలేదు.

డబ్బు ఎటు పోతోంది

ఇక నిధుల సంగతి. 2022 ఫిబ్రవరిలో ఒకే వారంలో ఢిల్లీ నుంచి రెండు ప్రకటనలు వచ్చాయి. ఒకటి పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం. 2021–22 నుంచి 2025–26 దాకా అయిదేళ్లకు 26,275 కోట్ల రూపాయలు. రెండోది విముక్త, సంచార జాతుల కోసం ‘సీడ్’ పథకం. అదే అయిదేళ్లకు 200 కోట్లు. కోచింగు, ఆరోగ్య బీమా, జీవనోపాధి, ఇళ్లు, నాలుగూ అందులోనే. పోలీసు పథకంలో కశ్మీర్, ఈశాన్యం, మావోయిస్టు ప్రాంతాల ఖర్చులు కూడా కలిసి ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టి, రాష్ట్ర పోలీసుల ఆధునికీకరణకు విడిగా కేటాయించిన 4,846 కోట్లే తీసుకున్నా, అది సీడ్‌కు ఇరవై నాలుగు రెట్లు. పోలీసుల జీతభత్యాలు ఇందులో లేవు, అవి రాష్ట్ర బడ్జెట్ల నుంచి వేరేగా వస్తాయి.

ఈ జాతుల జనాభా పది కోట్లకు పైనే ఉంటుందని రేణకే కమిషన్ 2008లో అంచనా వేసింది. 200 కోట్లను అయిదేళ్లకు, పది కోట్ల మందికి పంచి చూడండి. తలకు ఏడాదికి నాలుగు రూపాయలు. స్టేషన్‌లో ఒక చాయ్ కూడా రాదు. ఆ నాలుగు రూపాయలు అందుకోవాలన్నా విముక్త జాతి అని ధ్రువపత్రం చూపించాలి, చాలా రాష్ట్రాలు ఆ పత్రాలే సరిగా ఇవ్వడం లేదు. నేరస్థ తెగ అని రాసుకోవడానికి 1871లో ప్రభుత్వానికి ఎవరి దరఖాస్తూ అవసరం రాలేదు. విముక్త జాతి అని రాయించుకోవడానికి మాత్రం ఇప్పుడు తహసీల్దారు చుట్టూ తిరగాలి.

2025 నాటి ఇండియా జస్టిస్ రిపోర్ట్ లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. దేశంలో తలసరి పోలీసు ఖర్చు ఏడాదికి 1,275 రూపాయలు. ఉచిత న్యాయ సహాయానికి తలసరి ఆరు రూపాయలు. పట్టుకోవడానికి పన్నెండు వందలు దాటి, పట్టుబడిన వాడి పక్షాన మాట్లాడటానికి ఆరు. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, విచారణ ఖైదీల్లో అయిదో వంతుకు పైనే. ఆరు రూపాయల న్యాయ సహాయం తెచ్చిపెట్టే ఫలితం ఇదే.

ఇక్కడ ఇద్దరి తరఫున వచ్చే అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది దుకాణదారు మాట. బుధవారీ బజార్‌లో కూరగాయలమ్మే, గాజులమ్మే వాళ్లలో చాలామంది మనవాళ్లే. రోజుకు అయిదు వందలు మిగిలే బండి మీద రెండు వందల సరుకు పోతే ఆ నష్టం నిజమైనది. దొంగతనం మంచిదని నేను అనడం లేదు. అయితే ఆ బండివాడికి పోయిన సరుకు డబ్బు తిరిగి రావాలి. ఎదుటివాడు ఆరు నెలలు జైల్లో ఉంటే బండివాడికి పైసా రాదు. వస్తువో విలువో తిరిగి ఇవ్వమన్న 303వ సెక్షన్ మార్గమే చిన్న వర్తకుడికి కూడా మేలు. పెద్ద మాల్‌కు బీమా ఉంటుంది, గార్డులుంటారు, ఠాణాతో పరిచయముంటుంది. ఈ వ్యవస్థ ఎవరి సరుకును కాపాడుతోందో బండివాడికి బాగా తెలుసు. ఎందుకంటే అతని బండి పోయినప్పుడు రిపోర్టు రాయించుకోవడానికే మూడు పూటలు తిరగాలి.

రెండోది కానిస్టేబుల్ మాట. పోలీసు నిధులు తగ్గించమంటే పన్నెండు గంటల డ్యూటీ చేసే కానిస్టేబుల్ కడుపు కొట్టినట్టు కాదా అంటారు. ఆ కానిస్టేబుల్ కూడా చాలాసార్లు మన బిడ్డే. అతని క్వార్టరు కురుస్తుంటుంది, సెలవు దొరకదు. నిధులన్నీ ఆపేయమని నేను అడగడం లేదు. కెమెరా కొనేటప్పుడు, వాహనం కొనేటప్పుడు దొరికే డబ్బు అతని సెలవుకు, శిక్షణకు, చట్టం నేర్పడానికి ఎందుకు దొరకదని అడుగుతున్నాను. 303కూ 305కూ తేడా, హిస్టరీ షీట్ మీద సుప్రీంకోర్టు ఏమందో నేర్పడానికి ఒక తరగతి గది, ఒక టీచరు చాలు. కానీ దానికి టెండరు ఉండదు.

ఏం చేయవచ్చు

అసాధ్యమైన కోరికలు అడగడం లేదు. నాలుగు పనులు ఇప్పుడున్న చట్టాలతోనే చేయవచ్చు, అయిదోదానికి పార్లమెంటు కావాలి.

ఒకటి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం మూడో సెక్షన్, పాత శిక్షా స్మృతిలోని 379, 380 దొంగతనాలకు కూడా మొదటిసారి శిక్ష పడిన వాళ్లను మందలించి వదిలేసే అధికారం కోర్టుకు ఇచ్చింది. ఆ 380కి ఇప్పటి రూపమే 305. దుకాణంలో సబ్బు తీసిన మనిషికి ఇది వర్తిస్తుంది. న్యాయ సహాయ వకీళ్లు ప్రతి కేసులో దీన్ని అడగాలి, అడగకపోతే ఎందుకు అడగలేదో జిల్లా న్యాయ సేవా సంస్థ సమీక్షించాలి.

రెండు. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు వెనుకబడిన వర్గాల, ఎస్సీ, ఎస్టీల అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించకూడదని, వాటిని ఎప్పటికప్పుడు పరిశీలించాలని అన్ని రాష్ట్రాలనూ హెచ్చరించింది. సుకన్యా శాంత తీర్పు దాన్ని విముక్త జాతుల విషయంలో మళ్లీ గుర్తు చేసింది. ప్రతి ఠాణా తన షీట్లలో ఏ వర్గం వాళ్లు ఎంతమంది ఉన్నారో, ఏడాదిలో ఎన్ని మూసేసిందో పేర్లు లేకుండా సంఖ్యలైనా ప్రకటించాలి.

మూడు. నేరం ఒప్పుకునే ముందు, ఆ ఒప్పుకోలు రేపటి ‘మొదటిసారి’ని మింగేస్తుందని నిందితుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. బిలాస్‌పూర్‌లో అది ఛత్తీస్‌గఢీ కావచ్చు, రైల్వే కాలనీలో తెలుగు కావచ్చు.

నాలుగు. జీఆర్‌పీ ఖర్చులో రాష్ట్రం సగం, రైల్వే సగం ఇస్తున్నప్పుడు, ఆ డబ్బుతో ఏ నేరాల మీద ఎన్ని కేసులు పెట్టారో చెప్పమని అడిగే హక్కు పౌరులకు ఉంది. అడ్డా కూలీల మీద, ప్లాట్‌ఫారం మీద అమ్ముకునే వాళ్ల మీద ఎన్ని, వ్యాగన్లకు వ్యాగన్లు మాయం చేసే ముఠాల మీద ఎన్ని? ఉపాధి హామీకి సామాజిక తనిఖీ ఉన్నప్పుడు పోలీసు ఖర్చుకు ఎందుకు ఉండకూడదు?

అయిదు. 303లోని అయిదు వేల మినహాయింపును దుకాణాల విషయంలో 305కూ వర్తింపజేస్తూ చట్టాన్ని సవరించాలి. సమాజ సేవ అంటే ఊడ్చే పని కాదని నిబంధనల్లో రాయాలి.

చివరిగా నా తోటి పరిశోధకులకు. మన యూనివర్సిటీల్లో కులం మీద పరిశోధన పెరిగింది, పోలీసు మీద కూడా పెరిగింది. రెండూ కలిసే చోటు ఠాణా రిజిస్టరు, రైల్వే కోర్టు డాకెట్టు, దుకాణం వెనక గది. అక్కడికి వెళ్లే పరిశోధకులు తక్కువ. పెద్ద కేసుల తీర్పులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, చదివి సిద్ధాంత వ్యాసాలు రాయవచ్చు. నూట యాభై రూపాయల సబ్బు కేసుకు తీర్పు ఎక్కడా అచ్చు కాదు. ఒక ఏడాది పాటు ఒక మేజిస్ట్రేట్ కోర్టులో కూర్చుని ఎవరికి 303 పడింది, ఎవరికి 305 పడింది, ఎవరు నేరం ఒప్పుకున్నారు, ఎవరికి వకీలు ఉన్నాడో రాసుకుంటే అది ఎన్నో సెమినార్ల కంటే ఎక్కువ పని చేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో కాజీపేట, విజయవాడ, గుంతకల్, బిట్రగుంట వంటి రైల్వే ఊళ్లలో ఉన్న విద్యార్థులు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.

అంబేద్కర్ మనకు సమానత్వాన్ని ఒక మనిషి, ఒక ఓటు, ఒక విలువగా నేర్పాడు. తప్పు చేసి దిద్దుకునే అవకాశం కూడా ఆ విలువలో భాగమే. దాన్ని పుట్టుకను బట్టి పంచే వ్యవస్థకు ప్రజల డబ్బు పోస్తున్నంత కాలం, ఆ పద్దు చూపించమని అడగడం మన బాధ్యత.

జై భీమ్.